మనుషులు ఎత్తని నంబర్లు: ఫోన్ నెట్‌వర్క్‌ను చెవితో చదవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

ఫోన్ చేస్తే అవతల మనిషి ఎత్తడం మామూలు విషయం. ఎవరూ ఎత్తకపోయినా ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది చూడండి: ఒక టోను, ఒక అనౌన్స్‌మెంటు, కాసేపు నిశ్శబ్దం, మధ్యలో ఒక క్లిక్కు. మామూలుగా అయితే విసుక్కుని కట్ చేస్తాం. ఈ హాబీ ఉన్నవాళ్లు మాత్రం చెవి ఒగ్గి వింటారు. ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ యంత్రం పలికింది, ఎందుకు పలికింది అని తవ్వుకుంటూ పోతారు.

ఈ సరదా అమెరికాలో బాగా ముదిరింది. అక్కడ ఒకప్పుడు కాల్‌ను నడిపించే సంకేతాలు, మాటలు ఒకే తీగలో వెళ్లేవి. పుట్టుగుడ్డి అయిన జో ఎన్‌గ్రెసియా అనే కుర్రాడు 2600 హెర్ట్జ్ దగ్గర ఈల వేస్తే దూరపు లైను తెగి, కొత్త సంకేతం కోసం ఎదురుచూసేది. దాంతో పాటే ఎక్స్ఛేంజి సిబ్బంది వాడుకునే టెస్ట్ లైన్లు కూడా బయటి కుర్రాళ్లకు తెలిసిపోయాయి. ఒక నంబరు ఎడతెగకుండా టోను ఇచ్చేది, ఇంకొకటి మీ నంబరు మీకే చదివి వినిపించేది, మరొకటి పెట్టేశాక తిరిగి మోగేది. ఇప్పుడు సంకేతాలు వేరే దారిలో పోతాయి కాబట్టి ఈలతో ఏమీ కాదు. కానీ వినడానికి, అర్థం చేసుకోవడానికి ఉన్న సరుకు ఏమీ తగ్గలేదు. విజయవాడ, గుంటూరులో కూర్చుని ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా అది ఎలా చేయాలో చెప్తాను.

ముందుగా హద్దులు

ఎవరివో నంబర్లు వరసపెట్టి డయల్ చేయడం హాబీ కాదు, వేధింపు. అర్ధరాత్రి లబ్బీపేటలో ఏ మామ్మగారో ఉలిక్కిపడి లేస్తారు. 112, 108, 101, 1098, 1930 లాంటి అత్యవసర నంబర్లకు "పనిచేస్తోందా" అని కూడా చేయకండి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి చొరబడితే మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. కాలర్ ఐడీ మార్చి కాల్ చేయడం, ఇంటర్నెట్ కాల్స్‌ను లైసెన్సు లేకుండా మామూలు ఫోన్ నెట్‌వర్క్‌లోకి కలపడం కూడా నేరాలే.

మన దగ్గర ఎక్స్ఛేంజిల టెస్ట్ నంబర్లు సిబ్బంది కోసమే, జనానికి ప్రకటించినవి కావు. లైన్‌మన్‌ను పట్టుకుని "అన్నా, ఒక్క నంబరు చెప్పవా" అని బతిమాలడం వల్ల అతని ఉద్యోగానికే చేటు. టెస్ట్ లైను కావాలంటే ఇంట్లోనే కట్టుకోవచ్చు. దాని సంగతి చివర్లో.

కావలసినవి: మీ పేరు మీదే ఉన్న రెండు సిమ్‌లు, వేర్వేరు కంపెనీలవైతే మరీ మంచిది. రెండు ఫోన్లు, ఒక నోటుబుక్కు, ఒక పాత ల్యాప్‌టాప్. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే అదృష్టం.

నంబరును చూసి ఊరు చెప్పడం

డయల్ చేసే ముందు చదవడం నేర్చుకోవాలి. గుంటూరు వాళ్లకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా. ఫోన్ నంబరు కూడా అలాగే ఎడమ నుంచి కుడికి వీధి, సందు, ఇల్లు అని దిగుతుంది.

విజయవాడ కోడ్ 0866, గుంటూరుది 0863. ముందున్న సున్నా ఊరి కోడ్‌లో భాగం కాదు, "ఊరు దాటి వెళ్తున్నాను" అని ఎక్స్ఛేంజికి చెప్పే గుర్తు. అందుకే విదేశం నుంచి చేసేవాళ్లు +91 866 అని కొడతారు. సున్నా తీసేసి లెక్కపెడితే మొత్తం పది అంకెలు వస్తాయి: విజయవాడకు 866 పోను ఏడు. తెనాలి కోడ్ 08644, సున్నా పోగా నాలుగంకెలు, కాబట్టి అక్కడి లోకల్ నంబరు ఆరంకెలే. లోకల్ నంబరు 2తో మొదలైతే అది బీఎస్‌ఎన్‌ఎల్ కోసం కేటాయించిన వరస, 4 అయితే ఎయిర్‌టెల్‌ది.

ఈ కోడ్‌లకు జిల్లాలతో సంబంధం లేదు. పాత తాలూకాల లెక్కన గీసిన చార్జింగ్ ఏరియాలు ఇవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినా, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా, ఒక్క అంకె కదల్లేదు. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో అడుగుపెడితే కోడ్ మంగళగిరిది, 08645. వెలగపూడి సచివాలయం నంబర్లేమో గుంటూరు 0863. ఒక ఆదివారం పాత షాపుల బోర్డులు చూస్తూ వన్‌టౌన్ నుంచి బ్యారేజీ మీదుగా మంగళగిరి దాకా బండి మీద వెళ్లండి. బోర్డుల మీద కోడ్‌లు ఎక్కడ మారుతున్నాయో చూస్తుంటే ఎక్స్ఛేంజిల సరిహద్దులు కళ్ల ముందే తెలుస్తాయి. కొన్ని బోర్డుల మీద ఇప్పటికీ ఆరంకెల విజయవాడ నంబర్లు వెలిసిపోయిన రంగుతో కనిపిస్తాయి. వాటికి ముందు 2 చేర్చుకోవాలి.

మొబైల్ నంబర్లలో ఈ చదువు చాలావరకు దెబ్బతింది. 9440 అంటే బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ల సెల్‌వన్ అని కళ్లు మూసుకుని చెప్పే రోజులు 2011 జనవరి 20తో పోయాయి, ఆ రోజే దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. ఇప్పుడు ముందంకెలు ఆ నంబరు ఎక్కడ పుట్టిందో చెప్తాయి, ఎక్కడ ఉంటోందో చెప్పవు. ప్రత్యేక వరసలు మాత్రం గుర్తుపెట్టుకోండి. 140తో వస్తే అమ్మకాల కాల్. 1600తో వస్తే బ్యాంకుల్లాంటి సంస్థల సర్వీసు కాల్స్ కోసం పెట్టిన వరస. 1800 మనకు ఉచితం. 1860 ఉచితం కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఇవి కాక యంత్రాల సిమ్‌లకు 13 అంకెల నంబర్లు ఉన్నాయి, బండి ట్రాకర్లు, కరెంటు మీటర్లలాంటి వాటికి. వాటితో మనకు పనిలేదు.

ఎవరు పలుకుతున్నారు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. "మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు" అనే గొంతు, "స్విచ్ఛాఫ్ చేసి ఉంది" అనే గొంతు ఒకే చోటి నుంచి రానక్కర్లేదు. అంకెలు తక్కువగా కొడితే మీ సొంత నెట్‌వర్కే తిప్పి పంపేస్తుంది. నంబరు సరైనదై, ఫోన్ మాత్రం దొరక్కపోతే మామూలుగా అవతలి నెట్‌వర్క్ పలుకుతుంది. వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలన్నది అందుకే. గొంతు మారితే గట్టు మారినట్టు.

మొదటి ప్రయోగం. ఒక ఫోన్‌ను మామూలుగా స్విచ్ఛాఫ్ చేసి రెండో దాని నుంచి కాల్ చేయండి. ఏం చెప్పిందో మాట పొల్లుపోకుండా రాసుకోండి. తర్వాత ఆ ఫోన్‌ను ఆన్ చేసి, సిగ్నల్ వచ్చాక, వంటింట్లో ఉండే అల్యూమినియం ఫాయిల్‌ను మూడు నాలుగు పొరలు గట్టిగా చుట్టండి. అంచులు మడిచి మూయాలి, సందు ఉంటే సిగ్నల్ దూరిపోతుంది. వెంటనే కాల్ చేయండి. ఈసారి జవాబు రావడానికి ఎక్కువ సేపు పడుతుంది, చాలాసార్లు మాట కూడా మారుతుంది: "కవరేజ్ ఏరియాలో లేరు", "అందుబాటులో లేరు" లాంటివి.

కారణం ఇది. స్విచ్ఛాఫ్ చేసినప్పుడు ఫోన్ ఊరికే పోదు, "నేను వెళ్తున్నాను" అని నెట్‌వర్క్‌కు చెప్పి వెళ్తుంది. అందుకని వెతకకుండానే జవాబు వచ్చేస్తుంది. ఫాయిల్ చుట్టిన ఫోన్ చెప్పకుండా మాయమైంది. అది ఇంకా ఉందనుకుని నెట్‌వర్క్ చుట్టుపక్కల టవర్లన్నిటి నుంచి పిలిచి చూస్తుంది. ఎవరూ పలక్కపోయేసరికి చేతులెత్తేస్తుంది. ఆ ఆలస్యమే ఈ ప్రయోగంలో మనకు దొరికే ఆధారం. ఫ్లైట్ మోడ్‌తో కూడా చేసి చూడండి, అది చెప్పి వెళ్లే రకమో చెప్పకుండా వెళ్లే రకమో మీకే తెలుస్తుంది.

మీ రెండో నంబరుకు చివరి అంకె కొట్టకుండా కాల్ చేయడం ఇంకో ప్రయోగం. మొబైల్‌లో అంకెలన్నీ ఒకేసారి వెళ్తాయి కాబట్టి జవాబు చప్పున వస్తుంది. పాత రాగి ల్యాండ్‌లైన్‌లో ఒక్కో అంకె విడిగా వెళ్తుంది, పదో అంకె వస్తుందేమోనని ఎక్స్ఛేంజి కాసేపు ఎదురుచూసి, తర్వాతే పలుకుతుంది. ల్యాండ్‌లైన్ నుంచి మీ మొబైల్‌కు ముందు సున్నా లేకుండా కూడా కొట్టి చూడండి. 2021 జనవరి 15 నుంచి ఆ సున్నా తప్పనిసరి, లేకపోతే పెట్టమని చెప్పే ప్రకటన ఉండాలి.

ఈ గొంతుల వెనుక అంకెల్లో కారణాలుంటాయి. అలాంటి నంబరు లేకపోతే 1, బిజీ అయితే 17, మోగినా ఎవరూ ఎత్తకపోతే 19, దారిలో ఖాళీ లైను లేకపోతే 34. అంతర్జాతీయంగా ఒప్పుకున్న కోడ్‌లు ఇవి. "ఈ రూట్‌లోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయి" అని ఎస్టీడీ బూత్‌లో నిలబడి విన్నవాళ్లంతా 34ను పలకరించినవాళ్లే.

టోన్లను కొలవడం

మన దేశపు టోన్లకు లెక్క ఉంది. డయల్ టోను, కాల్ చేసినవాళ్లకు వినిపించే రింగ్ టోను రెండూ 400 హెర్ట్జ్ శబ్దాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపితే వచ్చేవి, ఆ గురగుర అందుకే. రింగు 0.4 సెకను మోగి, 0.2 ఆగి, మళ్లీ 0.4 మోగి, 2 సెకన్లు ఆగుతుంది. బిజీ టోనులో ఊపు ఉండదు, శుద్ధమైన 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 విరామం. లైన్లు ఖాళీ లేకపోతే వచ్చేది అదే టోను 0.25 సెకన్ల చొప్పున, హడావిడిగా.

దీన్ని మీ చేత్తో చూడండి. ఒక ఫోన్ నుంచి మీ ల్యాండ్‌లైన్‌కు కాల్ చేసి స్పీకర్ పెట్టండి, ఇంకో ఫోన్‌తో రికార్డు చేయండి. కాలర్ ట్యూన్ ఉన్న మొబైల్‌కు చేస్తే రింగుకు బదులు పాట వినిపిస్తుంది, దాంతో మనకు పనికాదు. రికార్డింగ్‌ను ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వేవ్‌ఫామ్ బదులు స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూపే బొమ్మ, చూపించమనండి. ఇక్కడ చాలామంది ఒక లావు గీత చూసి ఆగిపోతారు. సెట్టింగుల్లో విండో సైజు 8192కి పెంచండి. ఆ లావు గీత విడిపోయి 375, 400, 425 దగ్గర మూడు సన్న గీతలవుతుంది. 25తో ఊపారన్న సంగతి అలా బొమ్మగా కనిపిస్తుంది. విండో పెంచేకొద్దీ మోత ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో మసకబారుతుంది, కాబట్టి 0.4, 0.2 కొలవాలంటే మళ్లీ తగ్గించుకోవాలి. రెండూ ఒకేసారి దొరకవు.

బటన్ల శబ్దాలు కూడా ఇలాగే. ప్రతి బటనూ రెండు స్వరాలు కలిపి పలుకుతుంది. 5 నొక్కితే 770, 1336. ల్యాప్‌టాప్ తీసే ఓపిక లేకపోతే స్పెక్ట్రాయిడ్ అనే ఆండ్రాయిడ్ యాప్‌లో అప్పటికప్పుడే చూడొచ్చు.

ఫైబర్ కనెక్షన్‌తో ల్యాండ్‌లైన్ వాడేవాళ్లకు ఒక మాట. మీరు వినే డయల్ టోను ఎక్స్ఛేంజి నుంచి రావడం లేదు, గోడకు బిగించిన ఆ పెట్టెలోనే పుడుతోంది. రాగి తీగ రోజుల్లో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది, అందుకే ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఫైబర్ పెట్టెకు ఇన్వర్టర్ లేకపోతే కరెంటుతో పాటు ఫోనూ పోతుంది. టెలికాంలో పనిచేసి రిటైరైన బాబాయో మామయ్యో ఇంట్లో ఉంటే ఈ విషయం ఎత్తి చూడండి, ఆ సాయంత్రానికి ఇంకో పని పెట్టుకోవద్దు.

స్టార్, హ్యాష్ కోడ్‌లు

*#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, 15 అంకెలు. మొదటి ఎనిమిది మోడల్‌ను చెప్తాయి, తర్వాతి ఆరు ఆ ఒక్క ఫోన్‌వి, చివరిది మిగతా అంకెల నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకె. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేముందు కేవైఎం అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కి ఎస్సెమ్మెస్ చేస్తే అది ఏ ఫోన్‌దో తెలుస్తుంది. గవర్నర్‌పేటలో బేరం ఆడేటప్పుడు ఇది అక్కరకొస్తుంది.

*#21# మీ కాల్స్ ఎక్కడికైనా మళ్లించి ఉన్నాయా అని అడుగుతుంది. *#62# అందుబాటులో లేనప్పటి సంగతి అడుగుతుంది, *#67# బిజీగా ఉన్నప్పటిది. ఇందులో చూడాల్సింది ఆ హ్యాష్. *# తో మొదలైతే కేవలం ప్రశ్న. *21* లేదా *401* తర్వాత ఒక నంబరు కొడితే అది ఆజ్ఞ, మీ కాల్స్ ఆ నంబరుకు పోతాయి. కొరియర్ వాళ్లమనో బ్యాంకు వాళ్లమనో చెప్పి మోసగాళ్లు కొట్టించేది ఇదే, దానితో మీ ఓటీపీ కాల్స్ వాళ్ల చేతికి వెళ్తాయి. ఈ బెడద వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి *401# తరహా మళ్లింపును ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. అనుమానం వస్తే ##002# కొట్టండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో *#21# కొట్టి చూడటం మంచి అలవాటు.

ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#*, ఐఫోన్‌లో *3001#12345#*, శాంసంగ్‌లో *#0011# కొడితే ఫోన్ ఏ టవర్‌తో మాట్లాడుతోందో చూపించే పేజీ వస్తుంది. కొన్ని మోడళ్లలో రాదు, అప్పుడు సెల్‌మ్యాపర్ యాప్ పెట్టుకోండి. అందులో కనిపించే కంపెనీ కోడ్ 404-49 అంటే మన సర్కిల్ ఎయిర్‌టెల్, 404-73 బీఎస్‌ఎన్‌ఎల్, 405-854 జియో. రాష్ట్రం విడిపోయినా మొబైల్ లైసెన్సుల లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్, హైదరాబాద్‌లో చూసినా ఇవే అంకెలు. 4జీలో కనిపించే పెద్ద సెల్ ఐడీని 256తో భాగించండి, భాగఫలం టవర్‌ది, శేషం ఆ టవర్ మీద ఏ దిక్కు యాంటెన్నాదో చెప్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు నడుస్తూ చూస్తే సరదాగా ఉంటుంది. మధ్యలో అడ్డంగా ఏమీ లేదు కాబట్టి రెండు గట్ల టవర్లూ పోటీపడతాయి, భాగఫలం ఇటూ అటూ మారుతూ ఉంటుంది.

సొంత టెస్ట్ లైను కట్టుకోవడం

పాత ల్యాప్‌టాప్‌లో ఫ్రీపీబీఎక్స్ ఇన్‌స్టాల్ చేయండి. ఆస్టరిస్క్ అనే ఉచిత టెలిఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ మీద నడిచేది ఇది. 101, 102 అని రెండు ఎక్స్‌టెన్షన్లు, అంటే ఆ ఎక్స్ఛేంజి లోపలి నంబర్లు సృష్టించి, రెండు మొబైళ్లలో నెట్ మీద కాల్స్ చేసే లిన్‌ఫోన్ యాప్ పెట్టి, ఇంటి వైఫై మీద వాటికి లాగిన్ అవ్వండి. 101 నుంచి 102 మోగిందంటే సగం పని అయిపోయింది.

ఇప్పుడు *43 కొట్టండి. మీరు మాట్లాడింది మీకే తిరిగి వస్తుంది. చిటికె వేసి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో రికార్డు చేసి కొలిస్తే ఫోన్, వైఫై, ఎక్స్ఛేంజి అన్నీ కలిపి ఎంత ఆలస్యమో తెలిసిపోతుంది. *60 టైము చెప్తుంది, *65 మీ ఎక్స్‌టెన్షన్ నంబరు చదివి వినిపిస్తుంది. అమెరికా కుర్రాళ్లు ఏళ్ల తరబడి వెతికినవి మీ హాల్లో కూర్చుని ఉన్నాయి.

తర్వాత ఆస్టరిస్క్‌లో ఉన్న మిల్లీవాట్ అప్లికేషన్‌ను ఒక నంబరుకు తగిలించండి. అది ఆగకుండా 1004 హెర్ట్జ్ టోను ఇస్తుంది. గుండ్రంగా 1000 పెట్టకుండా 1004 ఎందుకంటే, డిజిటల్ ఫోన్ శబ్దాన్ని సెకనుకు 8000 సార్లు నమూనా తీస్తుంది. 1000 హెర్ట్జ్ అయితే ప్రతి అలకూ సరిగ్గా అవే ఎనిమిది బిందువులు తగులుతాయి, మిగతా స్థాయిలు పరీక్షకే రావు. నాలుగు జరిపితే బిందువులు జారుతూ అన్ని స్థాయిలనూ తాకుతాయి. ఈ టోనును అవతలి ఫోన్‌లో రికార్డు చేసి స్పెక్ట్రోగ్రామ్‌లో చూడండి. గీత నున్నగా ఉంటే లైను బాగున్నట్టు. మధ్యలో తెగితే ప్యాకెట్లు, అంటే శబ్దాన్ని మోసుకొచ్చే డేటా ముక్కలు, దారిలో పోయినట్టు. వైఫై రౌటర్‌కూ ఫోన్‌కూ మధ్య గోడలు పెంచుతూ వెళ్లండి, ఎన్నో గోడకు గీత తెగిందో నోటుబుక్కులో రాయండి.

ఫ్రీపీబీఎక్స్ సెట్టింగుల్లో టోన్ల దేశాన్ని ఇండియాగా మార్చితే పైన చెప్పిన 400, 25 లెక్కలు అందులో ముందే ఉన్నాయి. అటక మీద పాత డయల్ ఫోన్ ఉంటే దించి, అనలాగ్ ఫోన్ అడాప్టర్‌తో దీనికే తగిలించొచ్చు. కొనేముందు పల్స్ డయలింగ్ అర్థం చేసుకుంటుందా అని అడగండి. ఆ చక్రం 3 తిప్పితే లైను మూడుసార్లు తెగుతుంది, 0కి పదిసార్లు. డయల్ తిప్పకుండా రిసీవర్ పెట్టే మీటను అదే లయలో తట్టి కూడా 101కి కాల్ చేయొచ్చు. కాస్త చెయ్యి తిరగాలి, సెకనుకు పది తట్ల వేగం కావాలి.

ఈ ఎక్స్ఛేంజిని ఇంటర్నెట్‌కు తెరవకండి. కాల్స్ కోసం అది తెరిచి ఉంచే 5060 పోర్టు బయటికి కనిపిస్తే దేశదేశాల బాట్లు పాస్‌వర్డులు ప్రయత్నిస్తూ వచ్చి పడతాయి. ఇంటి వైఫై లోపలే ఉంచి, ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్ 101 అని మాత్రం పెట్టకండి.

దూరపు యంత్రాలు

జనం వినడానికే పెట్టిన నంబర్లు బయటి దేశాల్లో కొన్ని ఉన్నాయి. అమెరికా కొలరాడోలోని ప్రభుత్వ టైమ్ స్టేషన్ +1 303 499 7111, అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ +1 202 762 1401. సెకనుకో చుక్క శబ్దం వినిపిస్తుంది, కొలరాడో స్టేషన్ నిమిషానికోసారి ప్రపంచ ప్రామాణిక సమయం చెప్తుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైము. మొబైల్, ఉపగ్రహం, ఇంటర్నెట్ కాల్ వేర్వేరుగా చేసి చుక్కలు ఎంత వెనకబడ్డాయో పోల్చుకోవచ్చు, కాకపోతే ఉపగ్రహ ఫోన్ మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం కాబట్టి దాన్ని వదిలేయండి. బ్రిటన్‌లో 17070 మీ లైన్ నంబరు చదివి, రింగ్‌బ్యాక్, నిశ్శబ్ద లైను పరీక్షలు ఇస్తుంది, కానీ అక్కడి లైన్ల నుంచే పనిచేస్తుంది.

+881, +870 ఉపగ్రహ నంబర్లు, +979 అంతర్జాతీయ ప్రీమియం నంబర్లు. తెలియని దేశం నుంచి ఒక్క రింగు వచ్చి ఆగిపోతే ఆ మిస్డ్ కాల్ కూడా ఈ కోవకే చెందొచ్చు. తిరిగి చేస్తే నిమిషానికి ఎంత పడుతుందో బిల్లు వచ్చేదాకా తెలియదు. పైన చెప్పిన టైమ్ నంబర్లకైనా ప్రీపెయిడ్ సిమ్ మీద, తక్కువ బ్యాలెన్స్ ఉంచుకుని, రేటు ముందే చూసుకుని చేయండి. ఇంట్లో పిల్లలు కూడా ఈ సరదాలో దిగితే వాళ్ల సిమ్‌లో ఐఎస్‌డీ ఆపించి ఇవ్వండి.